గోదావరి తీరమున గ్రీష్మచర్య: మట్టికుండ నేర్పే పాఠము

మహాశివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోతుందని మన పెద్దల మాట. పట్టిసీమలో వీరభద్రస్వామి తీర్థం ముగిసి, పడవలు జనాన్ని ఒడ్డుకు చేర్చిన కొద్ది దినాలకే పోలవరం పరిసరాలలో ఎండ చురుక్కుమనడం మొదలవుతుంది. పాపికొండల నడుమ ఇరుకుగా ప్రవహించి వచ్చిన గోదావరి ఈ ప్రాంతముననే కొండలను విడిచి మైదానంలో అడుగుపెడుతున్నది. ఒక వైపు కొండరాళ్ల వేడి, ఒక వైపు ఇసుకతిన్నెల వేడి, నడుమ నదీజలపు తేమ. ఈ మూడింటి కలయికయే ఈ ఊరి వేసవి.

వేసవి మనకు కొత్త కాదు. ఎండాకాలమే కదా అని తేలికగా తీసుకొనడం వల్లనే కష్టం వస్తున్నది. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా మరణించినారు. వారిలో వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలు ఎక్కువ. వడదెబ్బ చాలావరకు నివారింపదగినది. దానికి కావలసిన వస్తువులు నీరు, నీడ, మజ్జిగ, తడిగుడ్డ. ఇవి ప్రతి ఇంట ఉన్నవే. వాటిని ఎప్పుడు, ఎట్లు, ఎవరికి వాడవలెనో తెలియజేయుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశ్యము.

మనకు గ్రీష్మము ఏ మాసములలో?

పంచాంగము ప్రకారం జ్యేష్ఠ, ఆషాఢ మాసములు గ్రీష్మ ఋతువు. కాని గోదావరి జిల్లాలలో ఆషాఢం నాటికి తొలకరి పడి దుక్కులు సాగుతూ ఉంటాయి. పంచాంగాన్ని మాత్రమే నమ్మి ఋతుచర్య పాటించేవారు వైశాఖపు ఎండలను వసంతమనుకొని మోసపోతారు.

ఈ చిక్కును శాస్త్రకారులు ముందే గుర్తించినారు. సుశ్రుతాచార్యుడు సూత్రస్థానంలో ఋతువులను రెండు విధాలుగా లెక్కించినాడు. దోషముల సంచయ ప్రకోపములను అనుసరించి చెప్పిన రెండవ లెక్కలో వైశాఖ, జ్యేష్ఠములు గ్రీష్మము. ఆషాఢ, శ్రావణములు ప్రావృట్టు. మన తీరానికి ఈ లెక్కయే సరిపోతుంది. రైతులు వాడే కార్తెల లెక్కలో చెప్పవలెనంటే, ఏప్రిల్ మధ్యలో వచ్చే అశ్వినితో మొదలై భరణి, కృత్తికలు దాటి, మే 25 ప్రాంతంలో ప్రవేశించే రోహిణి వరకు గ్రీష్మచర్యను పాటించవలెను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయను సామెత ఊరకే పుట్టలేదు.

శరీరంలో జరిగే మార్పు

ఉత్తరాయణమును ఆయుర్వేదము ఆదానకాలమన్నది. అనగా సూర్యుడు భూమి నుండి, ప్రాణుల నుండి స్నేహాంశమును, బలమును గ్రహించే కాలము. శిశిరంలో మొదలైన ఈ ఆదానము గ్రీష్మంలో పరాకాష్ఠకు చేరుతుంది. అప్పుడు శ్లేష్మము క్షీణించి వాతము సంచయమవుతుంది. శరీరబలము, జఠరాగ్ని రెండును మందగిస్తాయి. ఎండ ఎక్కువైనకొద్దీ ఆకలి తగ్గి దాహం పెరగడం అందరికీ అనుభవమే.

అందుచేత వాగ్భటుడు అష్టాంగహృదయంలో గ్రీష్మమునకు మధురము, లఘువు, స్నిగ్ధము, శీతము, ద్రవప్రాయమునైన ఆహారమును విధించినాడు. కారము, పులుపు, ఉప్పు, వ్యాయామము, ఎండ తగ్గించవలెనన్నాడు. మద్యము సేవించరాదన్నాడు. ఇవన్నియు శరీరంలోని నీటిని నిలుపుకొనుటకు చెప్పిన ఉపాయములే.

రెండు రకాల వేడి: కుండను చూసి తెలుసుకొనుట

మన ఊళ్లలో వేసవి ఒకే తీరుగా ఉండదు. పడమటి గాలి తోలిన రోజున ఒంటిమీద చెమట కనబడదు, పెదవులు పగులుతాయి, ఆరవేసిన బట్టలు గంటలో పెళుసెక్కుతాయి. అది వడగాలి. సముద్రం వైపు గాలి తిరిగిన రోజున ఎండ కొంత తగ్గినట్లుండి, చెమట ధారలు కట్టి ఊపిరి సలపదు. అది ఉక్కపోత. ఈ రెండింటికి చికిత్స ఒకటి కాదు.

ఏ రోజు ఏ వేడియో తెలుపగల సాధనం ప్రతి వంటింటిలో ఉన్నది. అదే మట్టికుండ. కుండ గోడలలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి చెమర్చి ఆవిరి అవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని లోపలి నీటి నుండి తీసుకొంటుంది. అందుచేత నీరు చల్లబడుతుంది. మన శరీరం చేసే పనియు ఇదే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరి అయినచో సుమారు 580 కిలోకేలరీల వేడి శరీరం నుండి తొలగిపోతుంది. చెమట పట్టడం వలన మాత్రమే ఒళ్లు చల్లబడదు. ఆ చెమట ఆరిపోయినప్పుడే చల్లబడుతుంది.

వడగాలి రోజున కుండనీరు చల్లగా ఉంటుంది. గాలి పొడిగా ఉండి చెమరించిన నీటిని వెంటనే పీల్చివేయడమే కారణం. అట్టి రోజున మన చెమటయు కంటికి కనబడకుండనే ఆరిపోతుంది. ఒళ్లు చల్లబడుతుంది గాని నీరు, ఉప్పు తెలియకుండ తరిగిపోతాయి. ఎండలో గట్టిగా పనిచేసేవారికి గంటకు లీటరుకు పైగా చెమట పోవచ్చును. ఆ రోజు జరిగే హాని శోషము, అనగా ఎండిపోవుట.

ఉక్కపోత రోజున కుండనీరు అంతగా చల్లబడదు. గాలిలో తేమ నిండి ఉన్నందున కుండ చెమర్చినా ఆరదు. అట్లే మన చెమట కారిపోతుంది గాని ఒళ్లు చల్లబడదు. ఆ రోజు లోపలి వేడి బయటకు పోయే దారి మూసుకొనిపోతుంది. ఇదే ఎక్కువ ప్రమాదకరమైన రోజు. ఉష్ణమాపకం చూపే డిగ్రీలు తక్కువగా ఉన్నవని ఏమరుపాటు పనికిరాదు.

వాతావరణ శాస్త్రజ్ఞులు ఉష్ణమాపకం బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూచే కొలతయు ఈ సూత్రం మీదనే ఆధారపడినది. దానిని తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. అది 35 డిగ్రీలు చేరినచో నీడలో కూర్చుండి నీరు త్రాగుతున్న ఆరోగ్యవంతుని శరీరం కూడ కొన్ని గంటలకు మించి తట్టుకొనలేదని లెక్కకట్టినారు. 2022లో వెలువడిన పరిశోధనలలో, తేమగాలిలో ఆరోగ్యవంతులైన యువతీయువకులకు సైతం సుమారు 31 డిగ్రీల దగ్గరనే శరీరోష్ణం అదుపు తప్పుతున్నట్లు తేలినది. వృద్ధుల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

కావున గృహస్థులు ఉదయం, మధ్యాహ్నం కుండనీటిని ముట్టి చూచి ఆనాటి జాగ్రత్తను నిర్ణయించుకొనవచ్చును. కుండ చల్లగా ఉన్న రోజున ఎక్కువగా త్రాగవలెను. తలకు, చెవులకు గుడ్డ చుట్టుకొనవలెను. కిటికీలకు తడిపిన వట్టివేళ్ల తడికలు కట్టుకొనవలెను. కుండ చల్లబడని రోజున పని తగ్గించవలెను. కిటికీలు, తలుపులు తెరచి గాలి ఆడనీయవలెను. రెండు మూడు మార్లు స్నానం చేయవలెను. ఆ రోజున తడితడికలు కట్టినచో ఇంటిలో తేమ పెరిగి మేలుకు బదులు కీడే జరుగుతుంది. అయితే ఒక నియమము: కుండ పాతబడి రంధ్రాలు పూడిపోయినచో ఏ రోజున కూడ నీరు చల్లబడదు. ఏటేటా కొత్త కుండ తెచ్చుకొని, ఒక పూట నీటిలో నానబెట్టి వాడుకొనవలెను. కుండను ఇసుకపై, గాలి తగిలే నీడలో ఉంచవలెను.

దినచర్య

ఉదయం: తెల్లవారుజామున లేచి పనులలో బరువైనవాటిని ఎనిమిది, తొమ్మిది గంటలలోపు ముగించుకొనవలెను. పొలం పనులకు, ఉపాధి పనులకు వెళ్లేవారు పరగడుపున వెళ్లరాదు. పూర్వం గోదావరి జిల్లాల ఇండ్లలో ఉదయం పూట తరవాణి అన్నం, లేదా చద్దన్నంలో మజ్జిగ పోసుకొని ఉల్లిపాయ నంజుకొని పనికి వెళ్లేవారు. నీరు, ఉప్పు, తిండి ఒక్కమారే లోపలికి చేరే ఉపాయమది. చద్దన్నం ఒక రాత్రి నానినదై ఉండవలెను. జిగట సాగినను, చెడువాసన వచ్చినను పారవేయవలెను. తరవాణి కుండను తరచు మరిగిన నీటితో కడగవలెను.

నదీస్నానం: వేసవిలో గోదావరి తగ్గి ఇసుకమేటలు బయటపడతాయి. మోకాలి లోతు నీటి పక్కనే నిలువు లోతు గుంట ఉండవచ్చును. వేసవి సెలవులలో స్నానానికి దిగి మునిగిపోయిన పిల్లల వార్తలు వింటూనే ఉన్నాము. పిల్లలను పెద్దల తోడు లేకుండ రేవుకు పంపరాదు. ఊరివారు వాడుతున్న రేవును విడిచి తెలియని చోట దిగరాదు. ప్రాజెక్టు పనుల వలన 2021 జూన్‌లో నదీప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్లించినారు. కనుక మునుపటి లోతులు, మునుపటి వాలు ఇప్పటికిని అట్లే ఉన్నవని పాత జ్ఞాపకాలపై ఆధారపడరాదు.

మధ్యాహ్నం: పదకొండు నుండి నాలుగు గంటల వరకు ఎండలోనికి పోకుండుట ఉత్తమము. తప్పనిసరియైనప్పుడు గొడుగు, తలపాగా, వదులైన నూలు బట్టలు వాడవలెను. పగటినిద్రను ఆయుర్వేదము సాధారణంగా అంగీకరించదు. అది కఫమును పెంచుతుంది. కాని గ్రీష్మంలో రాత్రులు చిన్నవి, వాతము పెరుగుతూ ఉంటుంది గనుక పగటినిద్రకు చరకుడు అనుమతి ఇచ్చినాడు. భోజనానంతరం కొంతసేపు పడుకొనుట ఈ ఋతువులో దోషము కాదు.

ఎండలోనుండి వచ్చిన వెంటనే: నీడలో కొంతసేపు కూర్చుండి, ముఖము, కాళ్లు, చేతులు కడుగుకొని, కుండనీరు కొద్దికొద్దిగా త్రాగవలెను. మంచునీటిని గటగట త్రాగుట వలన గొంతు పాడవుటయే గాక మందాగ్ని మరింత మందగిస్తుంది. ఈ నియమము ఆరోగ్యంగా ఉన్నవారికే. వడదెబ్బ తగిలినవారికి చల్లటి నీరు వెంటనే ఒంటిపై పోయవలెను. దానిని వేరుగా వివరించినాము.

రాత్రి: వెన్నెల వచ్చే మేడపై పడుకొనుమని వాగ్భటుని సలహా. నులకమంచం, నవ్వారుమంచం క్రిందనుండి కూడ గాలి ఆడనిస్తాయి గనుక పరుపుకంటె చల్లన. అయితే పోలవరం ఏజెన్సీకి ముంగిలి. మలేరియా దోమలున్న ప్రాంతము. ఆరుబయట పడుకొనేవారు దోమతెర తప్పక కట్టుకొనవలెను.

ఆహారములో మూడు సందేహములు

మొదటిది మజ్జిగ గురించి. ఉష్ణకాలంలో తక్రమును ఇవ్వరాదని శాస్త్రమున్నది. మన ఇండ్లలో వేసవి అంటేనే మజ్జిగ. ఇందులో ఏది సరి? రెండును సరియైనవే. భావప్రకాశములో నీటి పాళ్లను బట్టి మజ్జిగను అయిదు విధాలుగా చెప్పినారు. పావువంతు నీరు చేర్చినది తక్రము. అది చిక్కనిది, పులిసినచో వేడి చేస్తుంది. వెన్న తీసి, ఎక్కువ నీరు పోసి చిలికినది ఛచ్ఛిక. అది చల్లనిది, తేలికైనది. పిత్తమును, బడలికను, దప్పికను పోగొడుతుంది. చలివేంద్రాలలో పోసే నీళ్లమజ్జిగ ఇదియే. కనుక వేసవిలో పుల్లపెరుగును, చిక్కటి పుల్లమజ్జిగను తగ్గించి, తియ్యటి పెరుగును నాలుగైదు రెట్ల నీటితో చిలికి, కరివేపాకు, కొద్దిగా అల్లం, ఉప్పు చేర్చి త్రాగవలెను.

రెండవది ఆవకాయ గురించి. కారము, పులుపు, ఉప్పు తగ్గించుమన్న ఋతువులోనే ఆ మూడింటితో ఆవకాయ పెట్టుట విపరీతము కాదా అని కొందరడుగుతారు. జాడీ నింపే కాలము వేరు, జాడీ తీసే కాలము వేరు. టెంక ముదిరిన పుల్లమామిడి దొరికేదియు, కారము, ఆవపిండి తడిలేకుండ ఎండేదియు గ్రీష్మంలోనే. ఇక వర్షర్తువులో పులుపు, ఉప్పు, నూనెతో కూడిన పదార్థములు తగినంతగా తినుమని శాస్త్రమే చెబుతున్నది. కావున వేసవిలో పెట్టి వానలలో తినుట శాస్త్రసమ్మతమే. మూడవ రోజు తిరగకలిపిన కొత్త ఆవకాయను ఒక ముద్దతో సరిపెట్టుకొని, పైన మజ్జిగ అన్నం తినవలెను.

మూడవది ఉప్పు గురించి. ఇంటిపట్టున నీడలో ఉండేవారు ఉప్పు తగ్గించుట మంచిదే. పొలంలో, రేవులో, ప్రాజెక్టు పనులలో చెమటోడ్చేవారికి ఉప్పు కూడ చెమటతో పోతుంది. వారు వట్టి నీరే త్రాగుచున్నచో పిక్కలు పట్టుట, తల తిరుగుట కలుగుతుంది. వారికి ఉప్పు వేసిన మజ్జిగయో, గంజియో అవసరం. దేశము, కాలము, బలము చూచి పథ్యమును నిర్ణయించవలెనను ఆయుర్వేద సూత్రమునకు ఇది చక్కని ఉదాహరణ.

కూరలలో సొర, బీర, పొట్ల, దోస, బూడిదగుమ్మడి. పండ్లలో పుచ్చ, కర్బూజ ఈ కాలమునకు తగినవి. తాటిముంజలను లేతవి చూచి, కొట్టిన వెంటనే తినవలెను. నిలువ ఉన్నవి పులిసి కడుపునొప్పి తెస్తాయి. మామిడిపండ్లను తినే ముందు గంటసేపు నీటిలో నానబెట్టవలెను.

గృహపానీయములు

ధనియాల హిమము: రెండు చెంచాల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, ఆరు రెట్ల చల్లని నీటిలో రాత్రి మట్టిపాత్రలో నానబెట్టవలెను. ఉదయం వడగట్టి పటికబెల్లం చేర్చి త్రాగవలెను. ఇది శార్ఙ్గధరసంహితలో లోపలి మంటకు, దప్పికకు చెప్పిన యోగము. మూత్రములో చురుకు ఉన్నవారికి మేలు. జ్వరం, నడుమునొప్పి, మూత్రంలో రక్తం కనబడినచో ఇంటిలో కాలయాపన చేయక వైద్యుని చూడవలెను.

సుగంధిపాల పానీయము: ఇరవై గ్రాముల సుగంధిపాల వేళ్లను కడిగి నలగగొట్టి, అరలీటరు మరిగిన నీటిలో రాత్రి మూతపెట్టి ఉంచవలెను. ఉదయం వడగట్టి చక్కెర, నిమ్మరసం చేర్చి, కుండనీటితో పలుచన చేసి త్రాగవలెను. వేళ్లను నమ్మకమైన మూలికల దుకాణంలోనే కొనవలెను.

మామిడికాయ పానకము: ఒక పుల్లమామిడికాయను ఉడికించి గుజ్జు తీసి, బెల్లం, వేయించిన జీలకర్రపొడి, చిటికెడు ఉప్పు చేర్చి, నాలుగు గ్లాసుల నీటిలో కలుపవలెను. ఎండలో తిరిగి వచ్చినవారికి తగినది.

చోడి అంబలి: రెండు చెంచాల చోడిపిండిని నీటిలో జారుగా కలిపి, మరుగుతున్న నీటిలో పోసి, ఉండకట్టకుండ కాచి, చల్లారిన తరువాత మజ్జిగ, ఉప్పు చేర్చవలెను. ఆకలి మందగించిన వృద్ధులకు ఇది ఆహారము, పానీయము కూడ.

శ్రీరామనవమి నాటి పానకము, వడపప్పు కూడ ఈ కోవలోనివే. ఒక్కనాటితో ఆపక వేసవి అంతయు వాడుకొనవచ్చును.

మధుమేహమున్నవారు తీపి పానీయములను విడిచి నీళ్లమజ్జిగ, ధనియాల నీరు తీసుకొనవలెను. రక్తపోటు ఉన్నవారు ఉప్పును, మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు కొబ్బరినీటిని, గుండెజబ్బున్నవారు నీటి మొత్తమును తమ వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. నీరు పోవుటకు మాత్రలు వాడుతున్నవారు వేసవి ఆరంభంలోనే వైద్యునికి ఆ సంగతి చెప్పవలెను.

ఇల్లు, నీరు

తాటాకు ఇల్లు, మట్టిగోడలు, పెంకుటిల్లు పగటి వేడిని లోపలికి త్వరగా రానీయవు. స్లాబు పగలంతా వేడిని త్రాగి రాత్రంతా క్రక్కుతుంది. రేకుల ఇల్లు మధ్యాహ్నానికే పొయ్యి అవుతుంది. నది ఒడ్డున చెట్లనీడలో పుట్టి పెరిగి, ప్రాజెక్టు కారణంగా పునరావాస కాలనీలలోని స్లాబు ఇండ్లకు మారిన కుటుంబాలకు ఈ తేడా బాగుగా తెలుసు. అక్కడి వృద్ధులకు వేసవి మరింత కష్టము. స్లాబుపై తెల్లసున్నం రెండు పూతలు వేసినచో ఎండ తిరుగుముఖం పడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినది కూడ ఈ సూత్రం మీదనే. సాయంత్రం స్లాబుపై నీళ్లు చల్లుట, పడమటి గోడకు తాటాకు పందిరి వేయుట, బూడిదగుమ్మడి తీగ ప్రాకించుట తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. వేప, కానుగ మొక్కను తొలకరిలో నాటినచో నాలుగైదు ఏండ్లకు నీడ ఇస్తుంది.

గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు పంకా మాత్రమే తిప్పుకొన్నచో వేడిగాలి ఒంటికి కొట్టుతుంది. అప్పుడు ఒంటిపై తడిగుడ్డ కప్పుకొని పంకా క్రింద కూర్చుండవలెను.

త్రాగే నీటి విషయం మరువరాదు. గోదావరి బురదనీటిని తేర్చుటకు చిల్లగింజను కుండ లోపల అరగదీసే పద్ధతి మన పెద్దలది. సంస్కృతంలో దీనిని కతకము అంటారు. ఇది మట్టిని అడుగుకు దింపుతుంది, రోగక్రిములను చంపదు. కావున తేరిన నీటిని కాచి చల్లార్చి కుండలో పోసుకొనవలెను. కుండలో గ్లాసును, చేతిని ముంచక పొడవాటి కాడ ఉన్న గరిటె వాడవలెను. చలివేంద్రము నడిపే దాతలు కూడ ఈ నియమము పాటించినచో దాహంతోపాటు కామెర్లు, టైఫాయిడ్, విరేచనముల బెడద తీరుతుంది.

విరేచనములు పట్టుకొన్నప్పుడు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఉత్తమము. దొరకనిచో కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండును తలకొట్టి కొలిచి, కలిపి ఇవ్వవలెను. ఉప్పు ఎక్కువైనచో పిల్లలకు ప్రమాదము.

వడదెబ్బ: ప్రతి ఇంట తెలియవలసినది

తలనొప్పి, వికారము, బాగా చెమట, నీరసము, పిక్కలు పట్టుట మొదటి దశ. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఉప్పు చేర్చిన మజ్జిగ లేదా ఓ.ఆర్.ఎస్. కొద్దికొద్దిగా ఇచ్చినచో తేరుకొంటారు. అరగంటలో తేరుకొననిచో ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

మాట తడబడుట, పొంతన లేని మాటలు, మగత, మూర్ఛ, ఒళ్లు నిప్పువలె కాలుట రెండవ దశ. శరీరోష్ణం 40 డిగ్రీలు, అనగా 104 ఫారన్‌హీట్ దాటి ఉంటుంది. చర్మం పొడిగా ఉండవచ్చును; పనిలో పడిపోయినవారికి చెమట కూడ ఉండవచ్చును. చెమట పట్టినది గనుక వడదెబ్బ కాదనుకొనరాదు. ఈ దశలో నిమిషములే ప్రాణములు. చేయవలసినవి ఇవి:

1. ఒకరు 108కి కబురుచేయవలెను. మిగిలినవారు రోగిని నీడకు చేర్చవలెను.
2. బట్టలు తీసివేసి, బిందెలతో నీరు ఒంటినిండ పోయవలెను. మంచుగడ్డలు దొరికినచో మెడ, చంకలు, గజ్జలలో ఉంచవలెను.
3. తడి ఒంటిమీద విసనకర్రతో గాని పంకాతో గాని ఎడతెగక విసరవలెను. కుండ సూత్రమే ఇచట కూడ పనిచేస్తుంది.
4. స్పృహ సరిగా లేనివారి నోటిలో నీరుగాని, మజ్జిగగాని, మందుగాని పోయరాదు. ఊపిరితిత్తులలోనికి పోతుంది. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టవలెను.
5. జ్వరపు మాత్రలు దీనికి పనిచేయవు. ఇది జ్వరము కాదు.
6. వాహనము వచ్చేవరకు, ఆసుపత్రి చేరేవరకు చల్లబరచుట ఆపరాదు.

ఉల్లిపాయను జేబులో ఉంచుకొనుట, ఉల్లిరసమును అరికాళ్లకు రుద్దుట మనలో వాడుక. ఉల్లిని అన్నంలో తిన్నచో మంచిదే. కాని జేబులోని ఉల్లి వడదెబ్బను ఆపదు. అరికాళ్లకు రుద్దుతూ కూర్చున్నచో నీరు పోయవలసిన సమయము వృథా అవుతుంది.

ఒంటరిగా ఉంటున్న వృద్ధులను మధ్యాహ్నం ఒకమారు, రాత్రి ఒకమారు ఇరుగుపొరుగువారు పలుకరించవలెను. వయసు మళ్లినవారికి దాహం తెలియదు. దాహమగుచున్నదా అని వారినడుగుటకంటె గ్లాసు చేతికిచ్చుట మేలు. మూత్రం ముదురు పసుపుగా ఉన్నచో నీరు చాలలేదని గ్రహించవలెను.

ఋతుసంధి

జూన్ రెండవ వారంలో మృగశిర ప్రవేశించి తొలకరి జల్లు పడగానే వేసవి పథ్యము ఒక్కసారిగా మానరాదు. పోయే ఋతువులో చివరి ఏడు దినములు, వచ్చే ఋతువులో మొదటి ఏడు దినములు కలిసి ఋతుసంధి. ఆ పక్షము రోజులలో చల్లని పానీయములను క్రమముగా తగ్గించి, వేడి అన్నము, మిరియాల చారు, అల్లము క్రమముగా పెంచవలెను. గ్రీష్మంలో కూడిన వాతము వర్షర్తువులో ప్రకోపించి కీళ్లనొప్పులు, కడుపుబ్బరము తెస్తుంది. ఈ సంధిని పాటించినవారికి ఆ బాధ తక్కువ.

ఈ పాఠమును చదివినవారు రాబోయే వేసవిలో పది దినములు ఒక చిన్న అభ్యాసము చేయవలెను. గోడమీది క్యాలెండరులో ప్రతి మధ్యాహ్నం కుండనీరు చల్లగా ఉన్నదో లేదో ఒక గుర్తు పెట్టవలెను. దాని ప్రక్కనే ఇంటిలోని పెద్దవారు ఆనాడు ఎట్లున్నారో వ్రాయవలెను. కుండ చల్లబడని రోజులకు, పెద్దవారు నీరసించిన రోజులకు గల సంబంధము మీకే తెలియవస్తుంది. ఆ తరువాత అట్టి రోజు రాగానే తలుపులు తెరచి, పనులు ఆపి, అమ్మమ్మకో తాతయ్యకో మరొక గ్లాసు మజ్జిగ ఇచ్చుటకు ఎవరును చెప్పనక్కరలేదు.